పది రోజుల్లో పద్నాలుగు చోట్లు: ఇది పిట్టల టూరా, వ్యాన్ టూరా?

ప్రశ్న: మా ఆయన కిందటేడు రిటైరయ్యారు. ఆరేళ్లుగా ఆయనకు పక్షుల పిచ్చి. ఇప్పుడు శ్రీలంకలో గైడ్‌తో పక్షులు చూపించే ప్యాకేజీ బ్రోషర్ ఒకటి తెచ్చారు. పది రోజులు, పద్నాలుగు చోట్లు. మన్నార్, విల్పత్తు, సిగిరియా, కితుల్‌గల, నువర ఎలియ, హోర్టన్ ప్లెయిన్స్, యాల, బుందల, ఉడవలవె, సింహరాజ... ఇంకా ఏవేవో ఉన్నాయి. ‘34 ఎండెమిక్ పక్షులూ గ్యారంటీ’ అని పెద్ద అక్షరాలతో వేశారు. జూన్‌లో వెళ్తే తగ్గింపు కూడా ఇస్తారట. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నాకేమో కాకి, పిచ్చుక, చిలుక తప్ప ఇంకో పిట్ట పేరు తెలీదు, జలగలంటే చచ్చేంత భయం. ఇద్దరం శాకాహారులం. వెళ్లమంటారా? వెళ్తే ఆయన పిట్టల్ని చూస్తున్నంతసేపూ నేనేం చేయాలి?

సమాధానం:

అక్కా, వెళ్లండి. కానీ ఆ బ్రోషర్‌తో వద్దు, జూన్‌లో అసలే వద్దు.

ముందు ఆ పద్నాలుగు చోట్ల సంగతి. బావగారిని కూర్చోబెట్టి మ్యాప్ తీయించండి. మన్నార్ వాయవ్య మూలన ఉంది, కొలంబో నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. సింహరాజ నైరుతిలో. బుందల, యాల ఆగ్నేయ తీరంలో. మధ్యలో నువర ఎలియ కొండలు, అక్కడి ఘాట్ రోడ్లలో గంటకు ముప్పై కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పిట్టలు బాగా కనబడేది తెల్లారి ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. పద్నాలుగు చోట్లు తిప్పేవాడు ఆ రెండు వేళల్లోనూ మిమ్మల్ని వ్యాన్‌లోనే ఉంచుతాడు, వేరే దారి లేదు వాడికి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఇలాంటి ప్యాకేజీలోనే పడ్డాను. తొమ్మిది రోజులు, పదకొండు చోట్లు, పద్నాలుగు మందిమి. అడవి అంచున ఒక మలుపులో నీలం రంగు తోక ఒకటి కొమ్మ మీంచి జారి ఆకుల్లోకి పోయింది, ‘ఆపండి ఆపండి’ అని నేను అరిచేసరికి వ్యాన్ రెండు మలుపులు దాటేసింది. రాత్రి హోటల్లో మా లీడరుగారు అందరి లిస్టులోనూ బ్లూ మాగ్‌పై అనే ఆ పిట్ట పేరు పక్కన, చూసినట్టు టిక్కు పెట్టించారు. అది టిక్కా అండీ? నాకు కనిపించింది తోక మాత్రమే.

ఇక ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి అన్నది తేలాలంటే శ్రీలంకకే ఎందుకు వెళ్లాలి అన్నది ముందు తేలాలి. ఎండెమిక్ అంటే ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి. శ్రీలంకలో అలాంటి పక్షులు మీరు ఏ పుస్తకాన్ని నమ్ముతారన్న దాన్నిబట్టి 33 లేదా 34. వీటిలో చాలా భాగం నైరుతి మూలన వానలు దండిగా పడే అడవుల్లో, వాటిని ఆనుకుని ఉన్న కొండల్లో ఉంటాయి. దానికో కారణం ఉంది. మనకూ వాళ్లకూ మధ్య సముద్రం చాలా లోతు తక్కువ. మంచు యుగాల్లో నీటిమట్టం దిగినప్పుడల్లా అక్కడ నేల తేలి, రెండు వైపులా కలిసిపోయేవి. అయినా మధ్యలో ఉన్నదంతా మెట్ట నేల, ముళ్ల పొదలు. తడి అడవిలో బతికే చిన్న పిట్ట ఆ మెట్టను దాటి అటూ ఇటూ పోలేదు. అందుకే వాటి దగ్గరి చుట్టాలు చాలావరకు మన పశ్చిమ కనుమల్లో ఉన్నాయి, ఇవి మాత్రం అక్కడ విడిగా మిగిలిపోయి వేరే జాతులయ్యాయి. మెట్ట ప్రాంతపు పిట్టలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి మన్నార్‌లో కనిపించేవన్నీ దాదాపు మన వైపు పిట్టలే. ఫ్లెమింగోల కోసం మన్నార్ దాకా పొద్దస్తమానం వ్యాన్‌లో కూర్చోవడం దేనికి, శీతాకాలంలో పులికాట్ వెళ్తే సరిపోదూ? బావగారు ఆరేళ్లుగా చూస్తున్నారంటే పులికాట్, నేలపట్టు ఈపాటికే తిరిగేసి ఉంటారు. మన్నార్ కొట్టేయండి, విల్పత్తు కొట్టేయండి. సిగిరియా రాయి చూడాలని మీకు ఉంటే అది వేరే సంగతి, దానికి వేరే ట్రిప్పు పెట్టుకోండి, పైగా ఆ మెట్లకు ఆయన మోకాళ్లు ఒప్పుకోవు.

జూన్ తగ్గింపు ఎందుకిస్తున్నారో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు సరిగ్గా మీరు వెళ్లాల్సిన మూల మీదే కురుస్తాయి. సింహరాజలో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది, అందులో మీ వాటా మీకు పక్కా. ఎండెమిక్‌లు అక్కడి కాపురస్తులే కాబట్టి ఎటూ పోవు, కానీ ధారగా కురిసే వానలో ఏ పిట్టా కొమ్మ చివరికి రాదు, బైనాక్యులర్ అద్దం మీద ఆవిరి తుడుచుకోవడంతోనే పొద్దు పోతుంది. ఇంకో నష్టం ఏమిటంటే, చలికాలంలో మన ఉత్తరాది నుంచి, హిమాలయాల నుంచి దిగివచ్చే వలస పక్షులు, అంటే ఇండియన్ పిట్టా, పైడ్ థ్రష్, కాశ్మీర్ ఫ్లైక్యాచర్ లాంటివి ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. జనవరి చివర నుంచి మార్చి దాకా ఎప్పుడైనా పెట్టుకోండి. తేదీలు వేసుకునేటప్పుడు అక్కడి క్యాలెండర్ చూసి పౌర్ణమి ఎప్పుడొచ్చిందో గమనించండి. వాళ్లు పోయా అంటారు, ఆ రోజు దేశమంతా సెలవు, పార్కులన్నీ జనంతో కిటకిటలాడతాయి. హోర్టన్ ప్లెయిన్స్‌కు శని, ఆదివారాలు కూడా వద్దు.

నేనైతే మీ తొమ్మిది రాత్రుల్ని ఇలా వేస్తాను: కితుల్‌గల రెండు, నువర ఎలియ రెండు, యాల, బుందల దగ్గరి ఊరు తిస్సమహారామ ఒకటి, ఉడవలవె ఒకటి, సింహరాజ మూడు. అక్కడి నుంచి నేరుగా ఎయిర్‌పోర్టు. ఐదు చోట్లే. ఒకే దీవిలో తడి అడవి, చలి కొండ, ఉప్పు కయ్యలు, ఏనుగుల గడ్డి మైదానం, అన్నీ వస్తాయి. బావగారు మొదట్లో సణుగుతారు, సణగనివ్వండి.

సింహరాజకు మూడు రాత్రులెందుకో చెప్తాను. ఆ అడవిలో మొదటి గంట మీకు ఏమీ కనపడదు. చెట్లు, తేమ, కీచురాళ్లు, అంతే. ‘ఇందుకా ఇంత దూరం వచ్చాం’ అనుకుంటూ ఉంటారు. అప్పుడు ఎక్కడో దూరంగా గోలగా కిచకిచలు మొదలవుతాయి. ఆరెంజ్ బిల్డ్ బాబ్లర్లని ఉంటాయి, అవి గుంపులుగా అరుచుకుంటూ వస్తాయి, వాటితోపాటు మన పసుల పోలిగాడికి దాయాది అయిన కొప్పు డ్రాంగో ఒకటి. ఈ డ్రాంగో మహా గడుసుది, మిగతా పిట్టల గొంతులు అనుకరించి వాటిని కూడా గుంపులోకి పిలుచుకుంటుంది. కాసేపట్లో పది పన్నెండు జాతులు కలిసిన గుంపు మీ తల మీదుగా సాగుతుంది. పైన ఆకుల గొడుగులో ఎర్ర ముఖం మల్కోహా, నడుమ కొమ్మల్లో ట్రోగన్, కింద ఎండుటాకులు తిరగేస్తూ లాఫింగ్ థ్రష్‌లు. ఇటు చూడాలో అటు చూడాలో తెలీదు. పది నిమిషాల్లో అంతా దాటిపోతుంది, మళ్లీ నిశ్శబ్దం. ఈ గుంపు ఎప్పుడొస్తుందో, ఏ వైపు నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒక్క పూట వెళ్లినవాడికి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మూడు పూటలు ఉన్నవాడికి మాత్రం దొరుకుతుంది.

మోకాళ్ల గురించి బెంగ వద్దు. కుడావ అనే ఊరి వైపు నుంచి సింహరాజ లోపలికి వెళ్లే దారి పాతకాలపు కలప లారీల రోడ్డు. డెబ్బైల్లో ఆ అడవిని నరకడం మొదలుపెట్టారు, జనం గొడవ చేస్తే 1977లో ఆపారు, 1988లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ రోడ్డు ఇప్పుడు వెడల్పాటి కాలిబాట, పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. గేటు దాకా జీపులో కుదుపులు మాత్రం తప్పవు, నడుముకు చిన్న దిండు పెట్టుకోమనండి. ఒక్క విషయంలో జాగ్రత్త. సెరెండిబ్ స్కాప్స్ ఔల్ అని చిన్న గుడ్లగూబ ఉంది. దాని కూత ఎవరిదో తెలియక ఏళ్ల తరబడి వెతికి వెతికి 2001లో దీపల్ వరకగొడ అనే శ్రీలంక పక్షి పరిశోధకుడు కళ్లారా చూశారు. 1868 తర్వాత ఆ దీవిలో దొరికిన మొదటి కొత్త పక్షి అది. బావగారు దాని కోసమే కలలు కంటూ ఉంటారు, పందెం. పగటిపూట అది బాటకు పక్కన ఎక్కడో కింది పొదల్లో నిద్రపోతుంది, లోకల్ గైడ్ ముందు దిగి వెతికి వచ్చి చెయ్యి ఊపుతాడు. అక్కడికి దిగే దారి జారుడు బండ అయితే ఆయన్ని వెళ్లనివ్వకండి. ‘ఇంకో రోజు వేరే చోట చూద్దాం’ అనగలిగే గైడ్ ఉంటేనే అది సాధ్యం, మూడు రాత్రులు ఉంటేనే ఆ ఇంకో రోజు ఉంటుంది.

హోర్టన్ ప్లెయిన్స్‌లో కూడా అంతే. 2,100 మీటర్ల ఎత్తు, వరల్డ్స్ ఎండ్ దాకా వెళ్లి రావాలంటే తొమ్మిది కిలోమీటర్ల నడక. అది మానేయండి. ఆయనకు కావలసిన విజిలింగ్ థ్రష్ అనే ఎండెమిక్ పిట్ట రోడ్డు పక్కనే ఉన్న చిన్న మడుగు దగ్గర దొరుకుతుంది, అరెంగా పూల్ అంటారు. కిటుకల్లా వేళలోనే ఉంది. తెల్లారీ తెల్లారని మసకలో చేరాలి, అంటే నువర ఎలియలో నాలుగున్నరకల్లా బండెక్కాలి, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ కూడా. జనవరిలో అక్కడ గడ్డి మీద మంచు పేరుకుంటుంది. పొదలోంచి ఈల సన్నగా, కోసినట్టు ఒక్కసారి వినిపిస్తుంది. కనిపిస్తే రెండు నిమిషాలు, లేకపోతే లేదు. అన్నట్టు గేటు దగ్గర సంచులు తెరిపించి పాలిథిన్ కవర్లు తీసేసుకుంటారు, టిఫిన్ స్టీలు డబ్బాలో పెట్టించుకోండి.

నువర ఎలియ ఊళ్లోనే విక్టోరియా పార్క్ అని ఉంది, అది చూస్తే మీకు నవ్వొస్తుంది. పూల మొక్కలు, పిల్లల ఆటల రైలు, ఒక మూల కంపు కొట్టే మురుగు కాలువ. సాయంత్రం ఐదున్నరకు ప్రపంచం నలుమూలల నుంచి లక్షల ఖరీదు చేసే కెమెరాలతో వచ్చినవాళ్లంతా ఆ మురుగు కాలువ గట్టున ముక్కు మూసుకుని వరసగా నిలబడి ఉంటారు. పైడ్ థ్రష్ పురుగుల కోసం వచ్చేది అక్కడికే మరి.

ఇప్పుడు గైడ్ సంగతి. ప్యాకేజీ డబ్బంతా నిజానికి ఈ ఒక్క మనిషి కోసం ఇస్తున్నట్టు. శ్రీలంకలో చోఫర్ గైడ్ అని ఒక లైసెన్సు ఉంది, అంటే బండి నడిపేవాడే గైడ్ కూడా. గుళ్లూ గోపురాలూ చూపించడానికి చాలా మంచివాళ్లు, మర్యాదస్తులు. కానీ పిట్టల టూరుకు అది చాలదు. రోడ్డు మీద కళ్లు పెట్టాల్సినవాడు కొమ్మ మీద ఎలా పెడతాడు? కంపెనీకి ఫోన్ చేసి సూటిగా అడగండి: గైడ్, డ్రైవర్ ఇద్దరు మనుషులా, ఒక్కరేనా? గైడ్ పేరేమిటి, ఆయన వెంట ఇంతకు ముందు వెళ్లినవాళ్లతో మాట్లాడొచ్చా? గుంపులో ఎంతమంది? ఆరు దాటితే సన్నటి అడవి బాటలో వెనకవాడికి ముందువాడి వీపే కనిపిస్తుంది. స్టాండు మీద పెట్టే స్కోప్, అంటే పెద్ద దుర్భిణి, గైడ్ తెస్తాడా? ఇది మీకోసమే అడగమంటున్నాను, స్కోప్‌లో పెట్టి చూపిస్తే పిట్టలు తెలియనివాళ్లకు కూడా ఇంతెత్తున కనబడుతుంది. ఇంకోటి, పొద్దున్నే హోటల్ బఫే కోసం ఆగకుండా టిఫిన్ కట్టించి తీసుకెళ్తారా? బఫే ఏడున్నరకు తెరిచే టూరు పిట్టల టూరు కాదు.

‘34 గ్యారంటీ’ అని రాసినవాడిని నేనైతే నమ్మను. మంచి గైడ్ చాలావరకు చూపిస్తాడు, ఒక్కోసారి అన్నీ చూపిస్తాడు, కానీ ముందే మాటివ్వడు. మాటిచ్చినవాడు దాన్ని నిలబెట్టుకోవడానికి ఏం చేస్తాడో నేను చూశాను. మా లీడరుగారి దగ్గర చిన్న స్పీకర్ ఉండేది, పిట్ట కూత రికార్డింగ్ పెడితే మగపిట్ట తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకుని కంగారుగా బయటికి వస్తుంది. ఒకసారి పెడితే సరే అనుకుందాం. ఆయన ఒకే పొద ముందు ఇరవై నిమిషాలు వాయించారు. గూడు పెట్టుకునే రోజుల్లో ఆ పిట్టకు తిండి తిప్పలు మానేసి లేని శత్రువు కోసం వెతుక్కోవడమే పని. స్పీకర్ ఎంత వాడతారని కూడా అడగండి, జవాబు కంటే జవాబు చెప్పే తీరులో మీకు మనిషి తెలుస్తాడు.

డబ్బు విషయంలో ఒక మాట. వన్యప్రాణి శాఖ వాళ్ల పార్కుల్లో సార్క్ దేశాల పాస్‌పోర్టు చూపిస్తే మిగతా విదేశీయుల కంటే టికెట్ తక్కువ. మీ ప్యాకేజీలో ఏ రేటు కలిపారో అడగండి, చాలామంది అడగరు.

తిస్సమహారామలో దిగాక యాలకు వెళ్దామని డ్రైవర్ ఊరిస్తాడు, చిరుతపులి ఉంది కదా. నేనైతే వద్దంటాను. ఒక జీపుకు చిరుత కనబడిందని ఫోన్ రాగానే ముప్పై జీపులు దుమ్ము రేపుకుంటూ పరుగెడతాయి, అందులో పిట్టలు చూసేవాడి గతి ఏమిటో ఊహించుకోండి. పక్కనే బుందల ఉంది, 1990లో శ్రీలంక నుంచి మొదటి రామ్‌సర్ చిత్తడి నేలగా, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడే చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఉప్పు కయ్యలు, మడుగులు, వందల కొద్దీ నీటి పిట్టలు, జీపు దిగకుండానే చూడొచ్చు. జనం ఉండరు.

జలగలు. ఉంటాయి, అబద్ధం చెప్పను. కితుల్‌గలలోనూ సింహరాజలోనూ వాన పడ్డ మర్నాడు ఎక్కువ. మోకాలి దాకా వచ్చే దట్టమైన గుడ్డ మేజోళ్లు అమ్ముతారు, లీచ్ సాక్స్ అంటారు, ప్యాంటు వాటిలోకి దోపి పైన తాడు కట్టేయాలి. పట్టినా నొప్పి ఉండదు, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం వదులుతుంది కాబట్టి కాసేపు కారుతుంది, అంతే. గోటితో పక్కకు నెట్టేయండి, లాగకండి. బావగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్ని ఒక మాట అడిగి వెళ్లండి. నేను ఒకసారి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక చొక్కా కాలర్ మీద మచ్చ చూసి అప్పుడు తెలుసుకున్నాను. అప్పటికే అది తాగాల్సింది తాగి పడిపోయింది.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, కొబ్బరిపాలతో వండిన నాలుగైదు కూరలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇడియాప్పం ఉంటుంది. ఒక్కటే మోసం. పోల్ సంబల్ అని ఎర్రగా కొబ్బరి పచ్చడి వేస్తారు, చూస్తే మన పచ్చడిలాగే ఉంటుంది, కానీ చాలాచోట్ల అందులో ఉంబలకడ, అంటే ఎండబెట్టిన చేప పొడి కలుపుతారు. కొన్ని కూరల్లోనూ వేస్తారు. ‘వెజ్’ అంటే చాలదు, ‘ఉంబలకడ వద్దు’ అని చెప్పండి, మీ గైడ్‌కు మొదటి రోజే చెప్పి ఉంచండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఉత్తరంలో అది చివర రాశారు కానీ నాకు ముందు కనిపించింది అదే. ఆయన చూస్తున్నంతసేపూ ఆయన సంచి పట్టుకుని నిలబడటానికైతే వెళ్లకండి. ప్రతి పొద్దూ నాలుగున్నరకు లేవాల్సిన పని లేదు, అరెంగా పూల్ రోజు హాయిగా పడుకోండి, తర్వాత నువర ఎలియ దగ్గర్లోని హక్గల బొటానికల్ తోట చూసి రండి. ఉడవలవె మాత్రం వదలొద్దు, అక్కడ పొద్దున్న జీపులో వెళ్తే ఏనుగులు కనిపించని రోజంటూ దాదాపు ఉండదు, బయట తల్లులు లేని గున్న ఏనుగులను పెంచి మళ్లీ అడవికి పంపే చోటు ఉంది, పాలు పట్టే వేళకు వెళ్తే అవి తోసుకుంటూ పరిగెత్తుకొస్తాయి. సింహరాజలో మీకు ఏ కష్టమూ లేదు. అడవి అంచున ఉన్న బసల్లో రాత్రంతా వరండా దీపం వెలుగుతుంది, గోడ నిండా చిమ్మెటలు వాలి ఉంటాయి. తెల్లారగానే వాటి కోసం బ్లూ మాగ్‌పైలు వస్తాయి. నీలం ఒళ్లు, ఇటుక రంగు తల, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు. మీరు టీ కప్పుతో కుర్చీలో కూర్చుని ఉంటే రెండు బారల దూరంలో గోడ మీంచి చిమ్మెటను లాగి, రెక్కలు పీకి పారేసి, లోపలిది మింగుతుంది. నేను వ్యాన్‌లోంచి తోక చూసిన పిట్ట ఇదే. ఆ ఊళ్లోనే ఒకరి పెరట్లోకి స్పర్‌ఫౌల్ అనే అడవికోడి లాంటి ఎండెమిక్ పక్షి వస్తుంది, అడవిలో రోజంతా దాని అరుపు వింటాం తప్ప మనిషన్నవాడికి కనబడదు, ఆ పెరట్లో మాత్రం కోడిలా గింజలు ఏరుకుంటుంది. వాళ్లింట్లో కూర్చుని చూడొచ్చు, చేతిలో ఏదో పెట్టి రండి.

ఒక్క ఖర్చు మాత్రం తప్పనిసరిగా పెట్టించండి. మీకంటూ వేరే బైనాక్యులర్. ఆయనది 8x42 అయి ఉంటుంది (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), మీకు 8x32 తీసుకుంటే బరువు తక్కువ, మెడ లాగదు. ఇద్దరికీ ఒకటే అంటే పిట్ట ఎగిరిపోయాకే మీ చేతికి వస్తుంది, మా ఇంట్లో అది రుజువైన సంగతి. బయల్దేరే లోపల పదిహేను రోజులు మీ డాబా మీంచి కాకుల్ని చూస్తూ దాన్ని గబుక్కున కంటికి ఎత్తడం అలవాటు చేసుకోండి. కంపెనీవాళ్లు గైడ్ గురించి ఏం చెప్పారో, ఆ గైడ్ పేరు చెప్పడానికి ఎన్నిసార్లు తప్పించుకున్నారో నాకు మళ్లీ రాయండి.